గెలుస్తారన్నవాళ్ళకే లెగ్ పీస్

మా అమ్మగారు పోయిన కబురు నాకు మూడో క్వార్టర్ మధ్యలో అందింది. మంచు విపరీతంగా పడి ఆ ఆదివారం చర్చి కూడిక రద్దయింది. ఇంట్లో సోఫా మీద నేనూ నాన్నా కూర్చుని ఫుట్‌బాల్ మ్యాచ్ చూస్తున్నాం. ఫోన్ మోగింది. పాస్టరుగారు. ఆయన్ని మేమంతా అయ్యగారూ అంటాం. ఆట నడుస్తుండగా ఆయన ఫోన్ చేయడం నేనెరగను.

"స్కోరెంత బాబూ?" అన్నారు.

"నాలుగు పాయింట్లు వెనకున్నాం అయ్యగారూ. బాల్ మనదే."

"సరే," అన్నారు.  తర్వాత, ప్రార్థన ముగించేటప్పటి గొంతుతోనే, "మీ అమ్మగారు ఇప్పుడే ప్రభువునందు నిద్రించారు. ఇందాక స్కోరెంతని అడిగింది. హాస్పిటల్ టీవీలో ఏదో వంటల ప్రోగ్రామ్ వస్తోంది, నాకు చానల్ మార్చడం రాలేదు. ఎవరినైనా అడిగి చెబుదామనుకునే లోపే..." అని ఆగి, "అందుకని కనుక్కున్నాను," అన్నారు.

నాన్న లేచి టీవీ కట్టేయబోయాడు. నేను రిమోట్ లాక్కున్నాను. మర్యాదస్తులు ఇలాంటి సమయంలో టీవీ కట్టేస్తారని నాకూ తెలుసు. కానీ "వెనకబడ్డప్పుడు టీవీ కట్టేసేవాడూ, కష్టంలో ఉన్నప్పుడు మొహం చాటేసేవాడూ ఒకటేరా" అని పోయినావిడే అనేది. ఆవిడ మాట ఆవిడ పోయిన రోజునే మీరడానికి నాకు చేతులు రాలేదు. ఇద్దరం ఏడుస్తూ చూశాం. గెలిచాం కూడా.

ఆవిడ పైకి వెళ్ళగానే మా టీమ్ గురించి సిఫారసు చేసిందని తర్వాత చాలామంది అన్నారు. ఈ వాదాన్ని నేను తీవ్రంగా ఖండిస్తున్నాను. ఆవిడ సిఫారసుకి అంత బలమే ఉంటే, ఇన్నేళ్ళుగా ఆవిడ చేసిన ప్రార్థనలన్నీ గ్రీన్‌కార్డు ఫైళ్ళలాగా ఏ ఆఫీసులో ఇరుక్కున్నట్టు?

మా సంఘం తెలియని పాఠకుల కోసం కొంచెం వెనక్కి వెళ్తాను. మిషిగన్‌లో ట్రాయ్ అనే ఊళ్ళో, ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్ హాలు అద్దెకి తీసుకుని మా తెలుగు సంఘం ఆదివారాలు కూడుకుంటుంది. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది కార్ల కంపెనీల ఇంజినీర్లు, వాళ్ళ కుటుంబాలు. కోస్తా సంఘాల అలవాటు ప్రకారం పాస్టరుగారు అయ్యగారైతే, ఆయన భార్య అమ్మగారు. నన్ను కన్న అమ్మ వేరే ఉంది. ఆవిడ క్షేమం. ఈ వ్యాసం సగం చదివి కంగారుగా ఫోన్లు చేయకండి.

ఇక ఫుట్‌బాల్. ఈ దేశంలో ఫుట్‌బాల్ అంటే చేత్తో పట్టుకుని, ఎదుటివాణ్ణి తలతో గుద్దుతూ పరుగెత్తే ఆట. కాలికి పని ఎప్పుడో గానీ పడదు, అదీ కిక్కర్ అనే ఒక్కడికే. పడినప్పుడల్లా మా టీమ్ పరువు పోతుంది. టీమ్ పేరు రాయను. స్మృతి వ్యాసంలో బతికున్నవాళ్ళని అవమానించడం పద్ధతి కాదు. డిసెంబర్ వచ్చేసరికి ప్లేఆఫ్స్‌లోకి, అంటే కప్పు కోసం ఆడే ఆఖరి దశలోకి, ఎవరు వెళ్తారన్న లెక్కలు మొదలవుతాయి. బాగా ఆడే ఊళ్ళకి లెక్కలక్కర్లేదు. మా లాంటివాళ్ళకే కావాలి: మేము గెలవాలి, పైనున్నవాళ్ళు ఓడాలి, వాళ్ళ కింద ఉన్నవాళ్ళు మరీ గెలిచెయ్యకూడదు. ఇన్ని షరతులు మా బంధువుల్లో పెళ్ళి సంబంధాలకి కూడా పెట్టరు.

అమ్మగారు ఈ ఆటని ఎందుకు పట్టుకుందో ఒకసారి అడిగాను. ఆవిడ పాలకొల్లు దగ్గర పుట్టింది. పెళ్ళయి ఇక్కడికొచ్చి, ఒక స్కూలు వంటగదిలో పనికి చేరింది. అప్పటికి సంఘం అంటే నాలుగు కుటుంబాలు.

"హాలు నిండా కుర్చీలు వేసేవాళ్ళం. వచ్చేది పదిమంది. మీ అయ్యగారు ఖాళీ కుర్చీలకి వాక్యం చెప్పేవారు. మధ్యాహ్నం టీవీ పెడితే, ఖాళీ స్టేడియంలో వీళ్ళు ఆడతన్నారు. చిత్తుగా ఓడతన్నారు. అయినా మంచులో కూర్చుని పిడికెడుమంది అరుస్తన్నారు. ఒరే, ఈ దేశంలో మా చుట్టాలు ఎవరో నాకు అప్పుడు తెలిసింది," అంది.

తెల్లచీర మీద టీమ్ రంగు స్వెట్‌షర్టు వేసుకుని, దాని మీద పైట చెంగు లాగి దోపుకుని, హాలు వంటగది ముందు ఆవిడ గరిటె పట్టుకుని నిలబడే దృశ్యం మా తరానికి బాగా తెలుసు. ఆరాధన అయ్యాక భోజనం. సీజన్ ఉన్నన్నాళ్ళూ చికెన్ బిర్యానీ, ఆవిడ ఇంటి నుంచి తెచ్చిన పెద్ద డేగిసాలో. పళ్ళెం చాపినవాడు ముందు జవాబు చెప్పాలి.

"గెలుపా, ఓటమా?"

గెలుస్తారన్నవాడికి లెగ్ పీస్. ఓడతారన్నవాడికి మెడముక్క. తర్వాత అందరం హాల్లో టీవీ ముందు కూర్చుంటాం. ఆట అయ్యాక, ఎవరి మాట తప్పయిందో వాళ్ళు గిన్నెలు తోమాలి. ఎవరి మాట నిజమైందో వాళ్ళు కుర్చీల్లో కూర్చుని టీ తాగుతూ సలహాలివ్వొచ్చు. పిల్లలకి తోమడం నుంచి మినహాయింపు. ఇదీ మా రాజ్యాంగం.

చూడటానికి చిలిపి ఆటే గానీ ఆలోచిస్తే ఇది మనిషిని నిలదీసే ప్రశ్న. లెగ్ పీస్ తిని గిన్నెలు తోముతావా, మెడముక్క తిని టీ తాగుతావా? మా సంఘంలో పెద్దలందరూ బుద్ధిమంతులు. వాళ్ళు ఇన్నేళ్ళుగా మెడముక్కలే తిన్నారు. పిల్లలు అరిచి లెగ్ పీసులు పట్టుకుపోయేవారు. పెద్దల్లో గెలుస్తారని చెప్పే మనిషి ఒక్కరే, గరిటె పట్టుకున్నావిడ. అందరికీ వడ్డించాక చివర్లో తన పళ్ళెం తనే తీసుకుని, తనే అడుక్కుని, "గెలుస్తారు!" అని హాలంతా వినపడేలా చెప్పేది. సాయంత్రం సింకు దగ్గర ఆవిడే ఉండేది, స్వెట్‌షర్టు చేతులు మోచేతుల దాకా మడిచి.

పక్కన అయ్యగారు. ఆయనది ఎప్పుడూ ఓటమి పక్షమే. రూలు ప్రకారం ఆయన కుర్చీలో కూర్చుని టీ తాగొచ్చు. కానీ భుజాన తువ్వాలు వేసుకుని ఆవిడ కుడిపక్కన నిలబడి, తోమిన ప్రతి గిన్నెనీ అందుకుని తుడిచేవారు. అందుకునేటప్పుడు దాని వైపు చూసేవారు కూడా కాదు. ఆయన చెయ్యి చాపేసరికి గిన్నె అక్కడ ఉండేది.

"ప్రసంగంలో విశ్వాసం, పంక్తిలో అవిశ్వాసం! ఏం పాస్టరండీ మీరు," అని ఆవిడ దెప్పేది.

"టీవీలో కనపడేదాన్ని నమ్ముతున్నాను," అనేవారాయన.

ఈ పద్ధతికి అభ్యంతరాలు రాకపోలేదు. మా సంఘపెద్ద అంకుల్ నియమనిష్ఠలున్న మనిషి. పార్కింగ్ గీతల మధ్య ఆయన కారు ఎంత నిటారుగా నిలబడుతుందో ఆయన మనసూ అంతే. ఒక ఆదివారం పళ్ళెం పట్టుకుని లైన్లోనే వాదన మొదలుపెట్టాడు.

"అమ్మగారూ, తప్పుగా అనుకోకండి. జరగబోయేది ముందే చెప్పడం సోదె కిందికి వస్తదండి. దేవుని మందిరంలో సోదె ఏంటండి?"

"సోదెమ్మ డబ్బులు తీసుకుంటదయ్యా. నేను ముక్కలు వేస్తన్నాను."

"అది కాదండి, పిల్లలు చూస్తున్నారు..."

"నిన్నే చూస్తన్నారు. వెనక లైను ఆగిపోయింది. గెలుపా, ఓటమా?"

అంకుల్ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "ఓటమి," అన్నాడు.

"మెడముక్క!" అని ప్రకటించింది అమ్మగారు.

నా విషయానికొస్తే, నేను ట్రాయ్‌లోనే పుట్టాను. తెలుగు అక్షరాలు ఆవిడ సండే స్కూల్లో నేర్చుకున్నాను. అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు అనే పద్ధతి ఆవిడకి నచ్చేది కాదు. "ఈ ఊళ్ళో ఆవెక్కడుందిరా," అని, బోర్డు మీద ముందుగా రాసిన మాట "గెలుస్తారు". సకారానికి తా వత్తు పెట్టలేక పిల్లలం ఏడుపు మొహాలు పెడితే, "మన కిక్కర్ కంటే నయం, మళ్ళీ పెట్టు," అనేది. "ఓడిపోతారు" అని రాయడం మాత్రం ఆవిడ నాకు నేర్పలేదు. అది నేను స్వయంకృషితో నేర్చుకున్నాను. పెద్దయ్యాక కూడా ఇంగ్లీషు లిపిలో తెలుగు మెసేజ్ పెడితే ఆవిడ జవాబిచ్చేది కాదు. చదవలేక కాదు, చదవనని. నేనివాళ నాలుగు వాక్యాలు తెలుగులో కూర్చగలుగుతున్నానంటే కారణం ఆ మొండితనం.

కాలేజీలో నేను స్టాటిస్టిక్స్ చదివాను. ఇప్పుడొక కార్ల కంపెనీలో, ఏ నెలలో ఏ బండి ఎన్ని అమ్ముడవుతాయో ముందే చెప్పే ఉద్యోగం చేస్తున్నాను. అంటే, సంఘపెద్ద అంకుల్ భాషలో, జీతం తీసుకునే సోదెమ్మని. చదువు మహిమ వల్ల నేను పూర్తిగా మెడముక్కల పక్షంలో చేరిపోయాను. శాస్త్రీయ దృక్పథం కోసం ఇన్ని కోళ్ళ మెడలు కొరికినవాడు మా జిల్లాలో ఇంకొకడు ఉండడు.

ఒక డిసెంబర్‌లో లాప్‌టాప్ పట్టుకెళ్ళి ఆవిడ ముందు పెట్టాను.

"అమ్మగారూ, చూడండి. మిగతా మ్యాచ్‌లన్నీ కంప్యూటర్‌లో వేల సార్లు ఆడించి సిమ్యులేట్ చేశాను. ఈ రెడ్ కలర్ అంతా మనం అవుట్ అయినవి. ఈ గ్రీన్ మనం ప్లేఆఫ్స్‌కి వెళ్ళినవి."

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని తెర మీదకి వంగింది. "పచ్చది ఎక్కడరా?"

"ఇదిగో, ఈ కార్నర్‌లో. సన్నగా."

"ఉందిగా మరి!" అంది.

"ఉండటం ఏంటి అమ్మగారూ? మొత్తం రెడ్ అయితే!"

"ఒరే లెక్కలూ," అంది. నన్ను ఆవిడ పేరుతో పిలవడం ఎప్పుడో మానేసింది. "గాలి ఎటుందో చెప్పేవాడు ఒడ్డు మీద ఉంటాడు. వల వేసేవాడు నీళ్ళలో ఉంటాడు. ఒడ్డున ఉన్నవాడు చెప్పేది తప్పని నేననట్లేదు. వాడి పంచె తడవదు, అంతే."

ఆ ఏడూ మేము అవుటే. ఆవిడ గిన్నెలు తోముతుంటే నేను కుర్చీలో కూర్చుని టీ తాగాను. పంచె తడవలేదు.

ఆటప్పుడు ఆవిడ పద్ధతులు ఆవిడవి. బాల్ మన చేతిలో ఉంటే కూర్చునేది కాదు. రిఫరీ తప్పు పట్టి పసుపు గుడ్డ విసిరితే, "పాపం, వీడి మాట ఇంట్లో చెల్లదనుకుంటా, అంతా ఇక్కడ చూపిస్తన్నాడు," అనేది. అన్నిటికంటే ముఖ్యం, మన వాడు గోల్ స్తంభాల మధ్యకి బంతిని తన్నే సమయంలో టీవీ వైపు చూసేది కాదు. వెనక్కి తిరిగి సింకు వైపు నిలబడేది. "వాడి మీద నమ్మకం లేక కాదు. నేను చూస్తే వాడికి భయం," అనేది. అటు తిరిగే, "ఏమైందండీ?" అని అయ్యగారిని అడిగేది. స్టేడియం దాకా తన చూపు వెళ్తుందని ఆవిడ ఎంత గట్టిగా నమ్మేదో, ఆ కిక్కర్ మీద కూడా అంతే గట్టిగా నమ్మింది. రెండూ ఆధారం లేని నమ్మకాలే.

ఈ సీజన్ మొదట్లో ఆవిడకి జబ్బు చేసింది. దాని పేరు ఇక్కడ అనవసరం. ఆవిడా పలికేది కాదు, "అది" అనేది. ఒక రోజు అయ్యగారికి వేరే పని పడి, నేను హాస్పిటల్‌కి డ్రైవ్ చేశాను. డాక్టరు చిన్నవాడు, మంచివాడు. కాగితం మీద గీత గీసి, ఈ మందు పనిచేసే అవకాశం ఇంత, పనిచేయకపోయే అవకాశం ఇంత అని ఓపిగ్గా చెప్పాడు. అవకాశం సన్నగా ఉంది, నా లాప్‌టాప్‌లో మూలనున్న పచ్చరంగులాగా.

ఆవిడ అంతా విని, తన స్కూలు వంటగది ఇంగ్లీషులో, "డాక్టర్, యూ ఆర్ వాచింగ్. ఐ యామ్ ప్లేయింగ్," అంది.

అతను పెన్ను మూత పెట్టి జేబులో దోపుకున్నాడు. "యెస్ మ్యామ్," అన్నాడు.

కారెక్కాం. వాగుడుకాయనని ఊరంతా పేరున్నవాణ్ణి, ఒక్క జోకు కూడా దొరకలేదు.

"ఏరా లెక్కలూ, నోరు పడిపోయిందా?"

"లేదమ్మగారూ."

"ఆ కుర్రాడు చెబుతుంటే నువ్వూ లోపల లెక్కేశావు. నాకు తెలుసు. ఏమొచ్చింది?"

నేను అద్దంలో వెనక్కి చూసి లేన్ మారాను.

"ఓటమే వచ్చుంటది. రానీ," అంది. "నా మాట మాత్రం గెలుపే. రాసుకో. ఓడితే ఏమవుద్దిరా? గిన్నెలేగా!"

వెంటనే, "ఆ సిగ్నల్ దగ్గర ఎడమకి తిప్పు. కొత్తిమీర కొనాలి," అంది.

ఆ తర్వాత సంగతి మొదట్లోనే చెప్పాను. ఆవిడ పోయిన రోజు మేము గెలవడంతో ప్లేఆఫ్స్ ఆశ సీజన్ ఆఖరి ఆదివారం దాకా బతికింది. ఆ మ్యాచ్ మేము గెలవాలి, అదే సమయంలో ఇంకో ఊళ్ళో మా పైవాళ్ళు ఓడాలి. సరిగ్గా ఆ ఆదివారమే ఆవిడ జ్ఞాపకార్థ కూడిక పెట్టారు.

దానికి ముందు మంగళవారం జూమ్‌లో సంఘ సమావేశం జరిగింది. సంఘపెద్ద అంకుల్ బాధలో ఉన్నాడు. ఆ మాట అనకపోతే అన్యాయం అవుతుంది. అమ్మగారిని సమాధి చేసిన రోజు అందరికంటే గట్టిగా ఏడ్చింది ఆయనే. కానీ ఆయన దుఃఖం కూడా పార్కింగ్ గీతల మధ్యే నిలబడుతుంది.

"ఆ రోజు టీవీ వద్దండి. మర్యాదగా ఉండదు. భోజనం కూడా కేటరింగ్ చెప్పేశాను. అల్యూమినియం ట్రేలు, తినేసి పారేయడమే. ఎవరికీ శ్రమ ఉండదు. ఇక ముందు కూడా అదే చేద్దాం. అమ్మగారే లేనప్పుడు ఆ పందేలూ, ఆ గిన్నెలూ... ఇంతటితో ముగించడం గౌరవంగా ఉంటది."

అందరూ తలలూపారు. అయ్యగారు మ్యూట్‌లో ఉన్నారు. పెదవులు కదిలాయి గానీ ఏమన్నారో వినపడలేదు. అన్‌మ్యూట్ చేయమని ఎవరూ అనలేదు.

 పారేసే ట్రేలు! గిన్నె లేని చోట తోమేది లేదు, తోమేది లేని చోట ఓడేది లేదు, ఓడేది లేని చోట గెలుస్తారని చెప్పడానికి ధైర్యం ఎందుకు? ఆవిడ ఇన్నేళ్ళుగా నిలబెట్టినదాన్ని రేకు మూత వేసి మూసేస్తున్నారు.

శనివారం అయ్యగారింటికి వెళ్ళాను.

"డేగిసా కావాలి అయ్యగారూ."

ఎందుకని అడగలేదు. గరాజ్‌లోకి తీసుకెళ్ళి చూపించారు. "మూత కొంచెం వంకర. ఇటువైపు తిప్పి పెట్టాలి," అన్నారు, అంతే.

ఆదివారం పొద్దున మా ఇంట్లో జీవితంలో మొదటిసారి బిర్యానీ వండాను. "మంట తగ్గించరా, తగ్గించరా," అని అమ్మ వెనకాల నుంచి అంటూనే ఉంది. ఆవిడ అన్నదాన్ని నేను ఒక అభిప్రాయంగా స్వీకరించాను. పైన బాగానే కుదిరింది. అడుగు మాత్రం బొగ్గయిపోయింది.

కూడిక అయ్యింది. పాటలు, సాక్ష్యాలు, కన్నీళ్ళు. తర్వాత భోజనాల బల్ల దగ్గర ఒక చివర కేటరింగ్ ట్రేలు తళతళలాడుతున్నాయి. రెండో చివర నేను డేగిసా దింపి, గరిటె పట్టుకుని నిలబడ్డాను.

సంఘపెద్ద అంకుల్ వచ్చాడు. "ఏంటి బాబూ ఇది?"

"భోజనం అంకుల్."

"మంగళవారం మాట్లాడుకున్నాం కదా?"

"మీరు మాట్లాడారు అంకుల్. నేను విన్నాను."

"ఇది సంతాప సభ. జోకులేసే చోటు కాదు."

"జోక్ కాదు అంకుల్," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "ఆవిడ లాస్ట్‌లో అడిగింది స్కోరు. ఇంకేం అడగలేదు. మనం టీవీ ఆఫ్ చేసి, ట్రేలు పారేసి, ఆవిడకి రెస్పెక్ట్ ఇచ్చాం అనుకుందామా?"

ఆయన ట్రేల వైపు చూశాడు.  నా గరిటె గాల్లో ఉండిపోయింది. అప్పుడు సండే స్కూలు పిల్ల ఒకతె పళ్ళెం పట్టుకుని నా ముందుకొచ్చింది. అడగాల్సింది నేనేనని ఒక్క క్షణం తట్టలేదు.

"గెలుపా, ఓటమా?" అన్నాను.

"విన్!" అంది, అదేదో అడగాల్సిన విషయమా అన్నట్టు.

లెగ్ పీస్ వేశాను. దాని వెనక దాని తల్లి. ఎప్పుడూ మెడముక్క మనిషి. "గెలుస్తారు," అంది. వాళ్ళాయన, "నాదీ అదే." తర్వాత మా నాన్న. "మంట తగ్గించమంటే వినవు" అని గొణుగుతూనే మా అమ్మ. లైను హాలు చుట్టూ తిరిగింది. అందరూ గెలుపే. బుద్ధిమంతులంతా ఒక్కరోజే పిచ్చివాళ్ళయిపోయారు. లెగ్ పీసులు ఎప్పుడో అయిపోయాయి. నేను ఏ ముక్క వేసినా దాన్ని లెగ్ పీస్‌గానే భావించవలసిందిగా సభ్యులని కోరాను. ట్రేల దగ్గర ఎవరూ లేరు.

చివరికి సంఘపెద్ద అంకుల్ పళ్ళెం చాపాడు. పెదవుల మధ్య ఏదో అన్నాడు.

"వినపడలేదు అంకుల్."

"గెలుస్తారయ్యా! వెయ్యి!"

ఆయన కోసమే దాచిన ఒక్క లెగ్ పీస్ వేశాను. ఆయన దాన్ని చూసి కళ్ళు తుడుచుకున్నాడు.

అందరి తర్వాత అయ్యగారు వచ్చారు. అడగడానికి నాకు మొహమాటం వేసింది. అయినా రూలు రూలే.

"గెలుపా, ఓటమా అయ్యగారూ?"

"ఓడిపోతారు," అన్నారు, ఎప్పట్లాగే.

 భార్య జ్ఞాపకార్థ కూడికలో ఆయన నోట ఆ మాట వస్తుందని ఎవరూ అనుకోలేదు. నేను డేగిసాలో వెతికి ఆయనకి మెడముక్క వేశాను. వెతకడం కష్టం కాలేదు, అన్నీ అవే మిగిలాయి.

చివర్లో నా పళ్ళెం నేనే తీసుకున్నాను. ఆ పొద్దున నేను లెక్క వేయలేదని అబద్ధం చెప్పను. వేశాను. ఎరుపే వచ్చింది. "గెలుస్తారు!" అని హాలంతా వినపడేలా అరిచి, మెడముక్కనే లెగ్ పీస్‌గా భావించి తిన్నాను.

ఆట మొదలైంది. టీవీ పెట్టింది ఎవరో తెలుసా? సంఘపెద్ద అంకుల్. చివరి క్వార్టర్‌లో ఇంకో ఊరి కబురు వచ్చింది: మా పైవాళ్ళు ఓడిపోయారు. హాలు పైకప్పు ఎగిరిపోయేలా అరిచాం. దారి తెరుచుకుంది, ఇక మేము నడవడమే తరువాయి. మేము ఒక్క పాయింటు వెనక ఉన్నాం, సమయం అయిపోవస్తోంది, స్తంభాల మధ్య ఒక్క తన్ను పడితే గెలుపే, మా కిక్కర్ మైదానంలోకి వచ్చాడు.

ఎవరూ ఎవరికీ చెప్పలేదు. మేమంతా లేచి టీవీకి వీపు పెట్టి, సింకు వైపు తిరిగి నిలబడ్డాం. సంఘపెద్ద అంకుల్ కూడా. అయ్యగారు ఒక్కరే కుర్చీలో కూర్చుని తెర వైపు చూస్తున్నారు.

 వ్యాఖ్యాత ఏదో అరుస్తున్నాడు, అది సంతోషమో దుఃఖమో తెలియలేదు.

"ఏమైందండీ?" అని ఎవరో అడిగారు.

"స్తంభానికి తగిలింది," అన్నారు అయ్యగారు.

బయటికా లోపలికా అని ఎవరూ అడగలేదు. మా కిక్కర్ మాకు తెలుసు.

ఓడిపోయాం. హాల్లో ఉన్న పెద్దలందరి మాటా తప్పయింది, ఒక్కరిది తప్ప. పళ్ళేలు కేటరింగ్‌వాళ్ళ కాగితపువి, తోమాల్సింది ఒక్క డేగిసా, ఒక గరిటె. తోమడానికి బాధ్యులు హాలు నిండా. స్టీలు పీచు కోసం సంఘపెద్ద అంకుల్‌కీ మా నాన్నకీ తోపులాట జరిగింది. "మీరు అంత గట్టిగా రుద్దలేరు, ఇవ్వండి," "రుద్దడం గురించి నాకు చెబుతావా," అనుకుంటూ. ట్రేలన్నీ కదపకుండా అలాగే ఉన్నాయి. ఆ అడుగంటిన మాడు ఎంతమంది రుద్దినా సగానికి మించి పోలేదు. ఇంత ఘోరంగా మాడ్చినవాడే చివరిదాకా తోమాలని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. వచ్చే సీజన్ నుంచి డేగిసా బాధ్యత కూడా నాదేనని అదే నోటితో అన్నారు. అన్నది సంఘపెద్ద అంకుల్.

సింకు దగ్గర నేను ఒక్కణ్ణే మిగిలాను. స్వెట్‌షర్టు చేతులు మోచేతుల దాకా మడుచుకుని, వేడినీళ్ళు వదిలి, మాడు మీద వాలిపోయాను. కుడిపక్క ఎవరో వచ్చి నిలబడ్డారు. చూస్తే అయ్యగారు, భుజాన తువ్వాలు.

"మీరు గెలిచారు అయ్యగారూ. కూర్చోండి. టీ తాగండి."

ఆయన తువ్వాలు భుజం మీంచి చేతిలోకి తీసుకున్నారు.

"ఇవాళైనా గెలుస్తారని అనొచ్చుగా," అన్నాను. ఉండబట్టలేకపోయాను.

"ఇన్నేళ్ళూ మీ అమ్మగారు తోముతాననేది, నేను తుడిచేవాణ్ణి బాబూ," అన్నారు. "ఇవాళ అందరూ తోముతామన్నారు. మరి తుడిచేదెవరు?"

గరిటె కడిగాను. నీళ్ళు కారుతున్నాయి.

"వచ్చే ఏడు గెలుస్తాం అయ్యగారూ."

"ఓడిపోతారు," అన్నారాయన. కిటికీ అవతల మంచు మీద చీకటి పడుతుంటే అటే చూస్తూ, గరిటె కోసం చెయ్యి చాపారు.